నీటికి గృహనిర్వాహకుడు: సర్ ఆర్థర్ కాటన్

దేవుడు తన చేతికి అప్పగించినదానికి లెక్క చెప్పవలసినవాడే గృహనిర్వాహకుడు. కృష్ణా డెల్టా సంఘాలకు ఈ మాట వినగానే నీరు గుర్తుకు రావాలి. గూడూరు నుంచి బందరు దాకా, గుడివాడ నుంచి దివిసీమ దాకా మనం తినే అన్నం కాలువ నీటితో పండినదే. ఆ నీటి వెనుక ఉన్న ఒక విశ్వాసి జీవితాన్ని ఈ వారం తలచుకుందాం.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. పదకొండుమంది అన్నదమ్ములలో ఆయన పదవవారు. పదహారేళ్ళకే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో మన దేశానికి వచ్చారు. మొదట్లో ఆయనకు అప్పగించిన పనుల్లో ఒకటి సముద్రానిది. భారతదేశానికి, సింహళానికి మధ్య పాంబన్ వద్ద ఓడలు వెళ్ళే దారిని ఆయన సర్వే చేశారు. తరువాత కావేరి మీద పనిచేస్తూ ఇసుక నేలపై ఆనకట్ట నిలబెట్టే విద్యను మన పూర్వులు కట్టిన కల్లణై నుంచి నేర్చుకున్నారు. పరాయి దేశపు ఇంజనీరై ఉండి కూడా ఈ నేల పెద్దల దగ్గర నేర్చుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. విశాఖపట్నంలో ఉన్న రోజుల్లో, అలలు కోసుకుపోతున్న తీరాన్ని కాపాడడానికి రాళ్ళ కట్టలు వేయించారు.

అంతకు ముందే 1832–33 నందన సంవత్సరపు కరువు గుంటూరు, కృష్ణా ప్రాంతాలను తుడిచిపెట్టింది. డొక్కల కరువని మన పెద్దలు చెప్పుకున్నది దీన్నే. నిండుగా పారే నదుల పక్కనే జనం ఆకలితో చనిపోయారు. గోదావరి నీరు వృథాగా సముద్రంలో కలవడం చూసిన కాటన్ ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టాలని పై అధికారులతో వాదించి ఒప్పించారు. 1847లో మొదలైన ఆ పని 1852లో పూర్తయింది. అదే ఏడు బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసింది. దాని నిర్మాణాన్ని కెప్టెన్ ఓర్ నడిపించారు. పలుగూ పారా పట్టి, మట్టి తట్టలు మోసిన వేలమంది కూలీల పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేవు.

కాటన్‌ను అన్నదాతగా అందరూ ఎరుగుదురు. అయితే ఆయన ఆలోచనలో కాలువకు రెండు పనులున్నాయి. చేనుకు నీరివ్వాలి, పడవకు దారి ఇవ్వాలి. అందుకే డెల్టా కాలువలకు లాకులు కట్టారు. బందరు కాలువ మీద పడవలు బెజవాడకు నడిచాయి. ఏలూరు కాలువ కృష్ణను గోదావరితో కలిపింది. కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువను అందుకుంది. అలా కాకినాడ నుంచి మద్రాసు దాకా నీటి మీదే సరుకు చేరే దారి ఏర్పడింది. గాలి ఉంటే తెరచాప ఎత్తి, లేకుంటే గట్టు మీద తాడు లాగుతూ పడవవాళ్ళు ధాన్యం, ఉప్పు, కలప చేరవేశారు.

బరువైన సరుకుకు రైలు కంటే నీటిదారి చవక అని కాటన్ జీవితమంతా వాదించారు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఎదుట కూడా అదే చెప్పారు. ప్రభుత్వం రైళ్ళనే ఎంచుకుంది. ఆయన విశ్వాసం మాత్రం సడలలేదు. బైబిలు చదవడం, ప్రార్థించడం మానని ఆ మనిషి, ఇంగ్లండులోని డార్కింగ్‌లో విశ్రాంతి తీసుకుంటున్న రోజుల్లో కూడా ఎక్కువ పంట కోసం తోటలో లోతుగా తవ్వి ప్రయోగాలు చేశారు. 1899 జూలై 24న ప్రభువు సన్నిధికి చేరారు.

ఆ కృష్ణ ఆనకట్టకు 1952లో గండి పడింది. దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నీరు ఇంకా వస్తోంది, మన పొలాలు ఇంకా పండుతున్నాయి. మరి కాలువ మాటేమిటి? గుర్రపుడెక్క కప్పేసింది, ప్లాస్టిక్ సంచులు పేరుకుపోయాయి. కాలువ పూడితే ముందు నష్టపోయేది శివారు రైతు. మంచినీరు తగ్గిన చోట సముద్రపు ఉప్పు లోపలికి చొరబడుతుంది. 1864, 1977 ఉప్పెనలు చూసిన ఈ తీరంలో తీరపు మడ అడవులను నరుక్కోవడం కూడా మనకు మనం చేసుకునే కీడే.

ప్రియ సంఘ సభ్యులారా, మన పల్లెల్లో ఎంతోమంది బాప్తిస్మం పొందింది ఈ కాలువల్లోనే. పాతజీవితాన్ని విడిచి పైకి లేచిన ఆ నీటిలోనే పండుగ మరునాడు విస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు పారవేయడం మనకు తగునా? ఏదెను తోటను సేద్యపరచడానికి, కాపాడడానికి దేవుడు మనిషిని నియమించాడని ఆదికాండము చెబుతోంది. సేద్యం మనం మరువలేదు. కాపాడడమే మరిచాం.

ఈ నెలలో ప్రతి సంఘం తన రేవు దగ్గర కాలువను ఒకసారి శుభ్రం చేయగలదు. యౌవనస్థుల కూటం వారు ఊరిలో పడవ నడిపిన తాతల దగ్గర కూర్చుని ఆ జ్ఞాపకాలను రాసిపెట్టగలరు. ఏ లాకు దగ్గర ఆగేవారు, ఏ సరుకు వేసేవారు, తుఫానులో ఎలా బయటపడ్డారు అని అడగండి. ఆ తరం వెళ్ళిపోతే ఈ సంగతులు చెప్పేవారు ఉండరు. కాటన్ పేరు విగ్రహాల మీద నిలిచింది. పేరు లేని ఆ పడవవాళ్ళను గుర్తుంచుకోవలసినది మనమే.