ఈలై విట్నీ

ఈలై విట్నీ 1765లో అమెరికాయందలి మసాచుసెట్సులో జన్మించెను. ప్రత్తినుండి గింజలను వేరుచేయు యంత్రమును నిర్మించినవానిగా ఆతనిని మన మెరుగుదుము. 1798లో ప్రభుత్వమునకు సుమారు రెండేండ్లలో 10,000 తుపాకులు చేసియిచ్చుటకు ఆతడు ఒప్పుకొనెను. అవి 1809 నాటికిగాని ముగియలేదు. ఒక తుపాకిభాగము వేరొకదానికి సరిపోవలెననునది ఆతని ఆశయము. 1801లో వాషింగ్టను నగరమున పెద్దల యెదుట భాగములను మార్చి బిగించి చూపి మెప్పువడసెను. 1825లో గతించెను.

పిమ్మట పరిశోధకులు మిగిలియున్న ఆ తుపాకులను విప్పి చూడగా, భాగములు పరస్పరము సరిపోలేదు. వానిపై వేర్వేరు గుర్తులు చెక్కబడియుండెను. అన్నియు ఒక్కతీరుననున్నచో ఆ గుర్తులేల? 1968 నాటి అమెరికా చట్టము తుపాకి జాడ తీయుటకై చట్రముపై వరుససంఖ్యను విధించినది. విట్నీ గుర్తులు ఆతని కీర్తి జాడ తీసినవి. మనము ఆతని ఆశయమును గౌరవింతము. ఆ గుర్తులు తెలిపిన నిజమును మరువకుందము.