కట్టబొమ్మన్ నేల మీద కంపెనీ పటాలానికి హక్కు ఎక్కడిది?

కోవిల్‌పట్టి దాటి తిరునెల్వేలి వెళ్లే పెద్ద రోడ్డు మీద కయత్తారు వస్తుంది. 1799 అక్టోబరు 16న వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఈస్టిండియా కంపెనీ వారు చింతచెట్టుకు ఉరి తీసింది ఆ ఊళ్లోనే. రాజపాళయంలోని మన తెలుగు ఇళ్లలో ఆయన పేరు వినని వారు ఉండరు. పెద్దవాళ్లు చెప్పగా విన్నవారు కొందరు, 1959లో వచ్చిన సినిమాలో శివాజీ గణేశన్‌ను చూసి తెలుసుకున్నవారు మరికొందరు. అందరికీ గుర్తున్నది శిస్తు గొడవ. మన కథ చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

శిస్తు వెనక ఇంకో ప్రశ్న ఉంది. సముద్రం అవతలి నుంచి వచ్చిన ఒక వర్తక కంపెనీ తన పటాలాన్ని పాళయంకోట్టైలో ఉంచి, ఒక పాలెగాణ్ణి పిలిపించి, విచారించి, ఉరి తీయడానికి ఏ చట్టం ఒప్పుకుంది? పరాయి సైన్యం ఒక దేశంలో ఉండటం చట్టబద్ధమా కాదా అని నేడు ప్రపంచ దేశాలు వాదించుకునే ప్రశ్న కూడా ఇదే. కట్టబొమ్మన్ జీవితాన్ని ఈసారి ఆ ప్రశ్నతో చూద్దాం.

పాంచాలంకురిచ్చి తెలుగు దొర

కట్టబొమ్మన్ 1760 జనవరి 3న పాంచాలంకురిచ్చిలో పుట్టారు. తండ్రి జగవీర కట్టబొమ్మన్, తల్లి ఆరుముగత్తమ్మాళ్. వారిది తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకుల కుటుంబం. కులదేవత జక్కమ్మ. వంశానికి మూలపురుషుడి పేరు గట్టి బొమ్ము అని, అదే తమిళ నోట కట్టబొమ్మన్ అయిందని చెబుతారు. తమ్ముడు కుమారస్వామికి మాట సరిగా వచ్చేది కాదు. అందుకే లోకం ఆయనను ఊమైదురై అని పిలిచింది. 1790లో, ముప్పై ఏళ్ల వయసులో, కట్టబొమ్మన్ పాలెం పగ్గాలు చేపట్టారు.

పాలెం అంటే ఏమిటో మన ఊరి పేరే చెబుతుంది. 16వ శతాబ్దంలో విజయనగరం తరఫున మధురైని ఏలిన విశ్వనాథ నాయకుడు ఈ దక్షిణ సీమను 72 పాలేలుగా ఏర్పరిచాడు. పాలెగాడు ఏటా కప్పం కట్టాలి, అవసరమైతే సైన్యంతో రావాలి, తన ఊళ్లకు కావలి కాయాలి. బదులుగా తన పాలెంలో పన్ను వసూలు, తీర్పు, కోట, ఆయుధం అన్నీ తనవే. పై ప్రభువుకు కప్పం కట్టినా ఇంటి యజమాని తానే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తర్వాత జరిగినదంతా అర్థమవుతుంది.

అప్పు పత్రంతో వచ్చిన సైన్యం

1736లో మధురై నాయకుల పాలన ముగిసింది. ఆ తర్వాత ఆర్కాటు నవాబు ఈ సీమ తనదేనన్నాడు. పాలెగాళ్లు ఆ మాటను తేలిగ్గా ఒప్పుకోలేదు. నవాబు మహమ్మద్ అలీ గద్దె ఎక్కిందే ఇంగ్లీషు కంపెనీ తుపాకుల అండతో. 1755లో కర్నల్ హెరాన్ నాయకత్వంలో కంపెనీ పటాలం, నవాబు అన్న మహ్ఫూజ్ ఖాన్ దళంతో కలిసి తిరునెల్వేలి సీమకు కప్పం వసూలుకు దిగింది. మనకు దగ్గర్లోని నెల్‌కట్టుంసేవల్‌లో పూలితేవర్ ఎదురు తిరిగింది ఆ కాలంలోనే.

సైన్యం పంపినందుకు కంపెనీ నవాబుకు లెక్క రాసింది. ఆ ఖర్చులు అప్పయ్యాయి, అప్పుకు వడ్డీ పెరిగింది. ఆ అప్పు తీర్చడానికి నవాబు తన రాబడినే కుదువ పెట్టాల్సి వచ్చింది. 1781లో కర్ణాటక రాబడి వసూలును కంపెనీకి అప్పగించాడు. 1785లో అది తిరిగి నవాబు చేతికి వచ్చినా ఎక్కువ కాలం నిలవలేదు. చివరకు 1792 ఒప్పందంలో పాలెగాళ్ల కప్పం వసూలు చేసే అధికారం కంపెనీకి దక్కింది.

ఆ ఒప్పందంలో ఒక మెలిక ఉంది. కప్పం వసూలు కంపెనీది, కానీ పాలెగాళ్ల మీద ప్రభుత్వం నవాబుదే అని అందులో రాసుకున్నారు. పాలెగాళ్లు నవాబుకు చేయాల్సిన మర్యాదలు కూడా అలాగే సాగాలని ఉంది. అంటే కంపెనీ చేతిలో ఉన్నది వసూలు పత్రమే తప్ప రాజ్యపత్రం కాదు.

కలెక్టరు వెంట తిరిగిన పాలెగాడు

కప్పం కొంత బాకీ పడింది. 1798లో రామనాథపురం, తిరునెల్వేలి సీమల కలెక్టరు జాక్సన్, కట్టబొమ్మన్‌ను రామనాథపురానికి రమ్మని తాకీదు పంపాడు. పంపినవాడు అక్కడ ఉండక పర్యటనకు బయలుదేరాడు. కట్టబొమ్మన్ ఆయనను కలవాలని కుర్తాళం నుంచి శివగిరి, శ్రీవిల్లిపుత్తూరు మీదుగా మన సీమ దారుల్లోనే వెంట వెళ్లారు. ఎక్కడా దర్శనం ఇవ్వలేదు. చివరకు సెప్టెంబరులో రామనాథపురంలో భేటీ జరిగింది. అప్పటికి చాలావరకు బాకీ తీరింది, మిగిలింది 1080 వరహాలు. అయినా ఆయనను గంటల తరబడి నిలబెట్టి మాట్లాడారు, కోటలోనే ఉండిపొమ్మన్నారు. ఆయన బయటపడే ప్రయత్నంలో పెనుగులాట జరిగి లెఫ్టినెంట్ క్లార్క్ చనిపోయాడు. దానాపతి సుబ్రమణ్య పిళ్లై పట్టుబడ్డారు.

ఆ తర్వాత కట్టబొమ్మన్ చేసిన పని చాలామందికి తెలియదు. ఆయన కత్తి దూయలేదు, మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్‌కు ఫిర్యాదు రాశారు. బ్రౌన్, ఓరం, కాసమేజర్ అనే ముగ్గురితో విచారణ కమిటీ వేశారు. ఆ కమిటీ ముందు ఆయన హాజరయ్యారు. తప్పు ఆయనది కాదని కమిటీ తేల్చింది. సుబ్రమణ్య పిళ్లైని విడిచిపెట్టారు, జాక్సన్ పదవి పోయింది. లషింగ్టన్ కొత్త కలెక్టరుగా వచ్చాడు. పితూరిదారు అని పేరు పడ్డ మనిషి, వాళ్ల విచారణలోనే నెగ్గి బయటికి వచ్చారు.

కానీ ఏడాది తిరగక ముందే గాలి మారింది. 1799 మే 4న శ్రీరంగపట్నం పడింది, టిప్పు సుల్తాన్ మరణించాడు. మైసూరు యుద్ధంలో ఇరుక్కున్న కంపెనీ పటాలాలకు చేతులు ఖాళీ అయ్యాయి. శివగిరి పాలెం తగాదాలో కట్టబొమ్మన్ తలదూర్చారని, కప్పం ఆపారని ఆరోపణలు వచ్చాయి. మేజర్ బానర్‌మన్ సైన్యంతో వచ్చి, సెప్టెంబరు 4న పాళయంకోట్టైకి రావాలని హుకుం పంపాడు. ఆయన రాలేదు. మరునాడే పాంచాలంకురిచ్చి కోటను ముట్టడించారు. తొలి దాడిలో కంపెనీ వారికి దెబ్బ తగిలింది, లెఫ్టినెంట్ కాలిన్స్ చనిపోయాడు. పెద్ద ఫిరంగులు వస్తున్నాయని తెలిసి కట్టబొమ్మన్ కోట వదిలారు. సుబ్రమణ్య పిళ్లై దొరికిపోగా నాగలాపురంలో చంపారు. పుదుక్కోట్టై తొండైమాన్ మనుషులు కట్టబొమ్మన్‌ను పట్టి కంపెనీకి అప్పగించారు.

కయత్తారులో పాలెగాళ్లందరినీ కూర్చోబెట్టి, వాళ్ల ఎదుట బానర్‌మన్ విచారణ జరిపాడు. కప్పం కట్టకపోవడం, పిలిస్తే రాకపోవడం, కంపెనీ సైన్యాన్ని ఎదిరించడం నేరాలన్నారు. ఆయన దేన్నీ దాచలేదు, క్షమాపణ కోరలేదు. తనకు ఎదురు నిలిచిన ఎట్టయాపురం, శివగిరి పాలెగాళ్ల వైపు ఆయన ఎంత తిరస్కారంగా చూశారో బానర్‌మన్ తన నివేదికలోనే రాశాడు. అదే రోజు ఉరి తీశారు.

ఆనాటి చట్టం ఏమంటుంది?

ఇప్పటి చట్టంతో అప్పటి పనిని కొలవకూడదు. 1928లో పాల్మాస్ దీవి తగాదాలో మధ్యవర్తి మాక్స్ హ్యూబర్ ఈ నియమాన్ని స్పష్టం చేశాడు. ఏ కాలపు పనిని ఆ కాలపు చట్టంతోనే చూడాలి. సరే, అలాగే చూద్దాం.

1758లో స్విట్జర్లాండుకు చెందిన వాటెల్ రాసిన దేశాల న్యాయ గ్రంథం ఆనాటి ఐరోపా ప్రభుత్వాలకు ప్రామాణికం. బలహీన రాజ్యం బలమైన రాజ్యానికి కప్పం కట్టినంత మాత్రాన దాని ప్రభుత్వాధికారం పోదని అందులో ఉంది. ఆ లెక్కన కట్టబొమ్మన్ కప్పం కట్టడం, బాకీ పడటం ఆయనను కంపెనీ జీతగాణ్ణి చేయవు.

ఇక బ్రిటన్ సొంత చట్టం. 1784లో పిట్ తెచ్చిన ఇండియా చట్టం, భారతదేశంలో రాజ్య విస్తరణ, దండయాత్ర తమ దేశ గౌరవానికి విరుద్ధమని ప్రకటించింది. 1793లో అదే మాటను మళ్లీ చట్టంలో పెట్టారు. రాతలో అలా, చేతలో ఇలా.

కంపెనీ తరఫున ఉన్న గట్టి వాదన ఒకటుంది. దాన్ని కప్పిపుచ్చడం న్యాయం కాదు. ఈ సీమకు ప్రభువు నవాబు, ఆ నవాబు పిలిచాడు, మేం వచ్చాం అన్నది ఆ వాదన. పై ప్రభువు సమ్మతితో వచ్చిన సైన్యం దురాక్రమణ కాదనే మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ అప్పులిచ్చినవాడు అప్పున్నవాడి దగ్గర తీసుకున్న సమ్మతి ఎంతవరకు సమ్మతి? అది నిజమైన సమ్మతే అనుకున్నా, అందులో ఉన్నది వసూలు వరకే. కయత్తారు విచారణ నవాబు కొలువులో జరగలేదు, కంపెనీ మేజరు ఎదుట జరిగింది. కర్ణాటక పాలన, సైన్యం మొత్తం కంపెనీ చేతికి ఇస్తూ కొత్త నవాబు అజీముద్దౌలా సంతకం చేసింది 1801 జులై 31న. అప్పటికి కట్టబొమ్మన్ పోయి దాదాపు రెండేళ్లు. పత్రం పుట్టకముందే ఆ పత్రం ఇచ్చే అధికారాన్ని కంపెనీ వాడేసుకుంది.

ఇంకో చేదు నిజం కూడా చెప్పుకోవాలి. కంపెనీ పటాలానికి దారి చూపినవారిలో మనవారూ ఉన్నారు. ఎట్టయాపురం ఏలినది కూడా తెలుగు రాజకంబళ కుటుంబమే. పాలేల మధ్య సరిహద్దు తగాదాలు, పాత పగలు ఉన్నాయి. ఒక్కొక్కరు తమ తగాదా తీర్చుకోవడానికి పరాయి సైన్యాన్ని తోడు తెచ్చుకున్నారు. ఉరి జరిగిన వెంటనే, పాలెగాళ్లందరూ కోటలు కూల్చి ఆయుధాలు అప్పగించాలని బానర్‌మన్ ప్రకటన చేశాడు. ఆ ప్రకటన తోడు నిలిచినవారినీ వదల్లేదు.

నేటికీ అదే కొలత

1801 ఫిబ్రవరిలో ఊమైదురై పాళయంకోట్టై చెర నుంచి తప్పించుకుని కోటను మళ్లీ లేపారు. మే 24న అది కూలింది. మరుదు సోదరులతో కలిసి పోరాడిన ఆయనను ఆ నవంబరులో ఉరి తీశారు. కోట ఉన్న చోటును దున్నించారు.

ఆ కాలంలో ఎవరూ పట్టించుకోని తేడాను తర్వాతి ప్రపంచం పట్టించుకుంది. దాద్రా, నాగర్ హవేలీకి తన సైన్యాన్ని భారత భూమి మీదుగా పంపే హక్కు ఉందని పోర్చుగల్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 1960 ఏప్రిల్ 12న తీర్పు వచ్చింది. 1779లో మరాఠాలు పోర్చుగీసు వారికి ఇచ్చింది రాబడి హక్కే కానీ రాజ్యాధికారం కాదని కోర్టు చెప్పింది. తర్వాత బ్రిటిషువారు ఒప్పుకోవడం వల్ల పోర్చుగల్ అధికారం అక్కడ నిలబడిందని అంటూనే, సాయుధ దళాలకు దారి హక్కు మాత్రం లేదని తేల్చింది. రాబడి వేరు, రాజ్యం వేరు. పాంచాలంకురిచ్చి తగాదా సారం కూడా అదే.

1974లో ఐక్యరాజ్య సమితి దురాక్రమణకు ఇచ్చిన నిర్వచనం ఇంకో అడుగు ముందుకు వేసింది. సమ్మతితో వచ్చిన సైన్యమైనా షరతులు దాటినా, గడువు తీరాక ఉండిపోయినా అది దురాక్రమణే. ఈ కొలత మన దేశానికీ వర్తించింది. 1987 ఒప్పందంతో శ్రీలంక వెళ్లిన మన శాంతి దళాన్ని 1989లో ప్రేమదాస వెళ్లిపొమ్మన్నారు. 1990 మార్చికి ఆఖరి దళం తిరిగి వచ్చింది. పిలిచినప్పుడు వెళ్లడం ఎంత చట్టమో, పొమ్మన్నప్పుడు రావడం కూడా అంతే.

నేడు పాంచాలంకురిచ్చిలో 1974లో తమిళనాడు ప్రభుత్వం కట్టిన స్మారక కోట ఉంది. తిరునెల్వేలి జిల్లా విజయనారాయణంలోని భారత నౌకాదళ కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు శిస్తు కట్టని వీరుడు అని మాత్రమే చెప్పకండి. ముందు ఫిర్యాదు రాసి, విచారణకు నిలబడి, నెగ్గిన తర్వాత కూడా న్యాయం దొరకని మనిషి అని చెప్పండి. ఒక సైన్యం మన నేల మీదికి వచ్చినప్పుడు ఎవరు పిలిచారు, ఏ పని మీద పిలిచారు, ఎప్పుడు వెళ్తారు అని అడగడం కూడా నేర్పండి. ఆ మూడు ప్రశ్నలు సమయానికి అడిగి ఉంటే, 72 పాలేల చరిత్ర వేరేలా ఉండేదేమో.