మాడపాటివారి మధ్యేమార్గము

లోకమున వివాదము పుట్టినప్పుడెల్ల మనుష్యులు రెండు బారులుగా చీలి నిలుచుట సహజము. ఒక బారులోనివారికి ఎదుటి బారులోనివారందరును పగవారే. నడుమ నిలిచినవానిని ఇరుపక్షములవారును శంకింతురు. వానికి ధైర్యము లేదని ఒకరు, నిజాయితీ లేదని మరియొకరు అందురు. కాని రెండు వైపులను ఎరిగినవానికి మాత్రమే కనబడు మూడవ దారి ఒక్కొక్కప్పుడు ఉండును. ఆ దారిని వెదకుటకు తమ జీవితమును వెచ్చించి, అది ఎంతదూరము పోగలదో, ఎక్కడ ఆగిపోవునో తమ చరిత్రచేతనే లోకమునకు తెలియజెప్పినవారు, ఆంధ్ర పితామహులని ప్రసిద్ధి కెక్కిన మాడపాటి హనుమంతరావుగారు.

పంతులుగారు 1885 జనవరి 22వ తేదీన కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలోని పొక్కునూరు గ్రామమున జన్మించినారు. చిన్నతనముననే తండ్రి గతించుటచే సూర్యాపేటలో మేనమామల యింట పెరిగినారు. పుట్టినది ఇంగ్లీషువారి ఏలుబడిలో. పెరిగినది నిజాము ఏలుబడిలో. ఆ కాలమున ఈ రెండు ఏలుబడుల ఎల్ల విచిత్రమైనది. కోదాడకు చేరువనున్న మునగాల పరగణాను నాలుగు వైపుల నిజాము రాజ్యము చుట్టుకొనియున్నను, అది కృష్ణా జిల్లాలో భాగమై ఇంగ్లీషువారి పాలనలో ఉండినది. ఇరుగుపొరుగు ఊళ్లవారు ఒకే తెలుగు మాటలాడుచు, వియ్యములందుచు, వేరువేరు చట్టములకు, వేరువేరు నాణెములకు లోబడి బ్రతికినారు. ఇట్టి సీమలో పెరిగిన బాలునికి, గీతకు ఇవతలివారందరు ఒక జాతి, అవతలివారందరు మరియొక జాతి అను భావము మనసున నాటుకొనుట కష్టము.

చదువును అట్టిదే. నిజాము రాజ్యమున రాజభాష తొలుత పారసీ, తరువాత ఉర్దూ. ప్రజలలో సుమారు సగముమంది తెలుగువారైనను, కచేరీలో గాని కోర్టులో గాని తెలుగునకు చోటు లేదు. ఆ పరిస్థితిలో అభిమానవంతుడైన తెలుగువానికి రెండు దారులు తోచును: ఉర్దూ నేర్చి కొలువు సంపాదించి తెలుగును మరచుట యొకటి, తెలుగుపై ప్రేమతో ఉర్దూను ద్వేషించుట యొకటి. హనుమంతరావుగారు ఈ రెంటిలో దేనిని గూడ అనుసరింపలేదు. ఉర్దూ, పారసీ భాషలను చక్కగా అభ్యసించినారు. ముషీరె దక్కన్ అను ఉర్దూ పత్రికకు వ్యాసములు వ్రాసినారు. ప్రేమచందు కథను తెలుగులోనికి తెచ్చినారు. తెలంగాణమున తొలినాటి కథా సంపుటములలో ఒకటియైన మల్లికాగుచ్ఛము వారిదే. ఉర్దూ తెలియుట వారి తెలుగు అభిమానమునకు అడ్డు రాలేదు సరికదా, పిమ్మట అదియే దానికి ఆయుధమైనది.

1904లో హనుమకొండలో మెట్రిక్యులేషను ముగించి, అక్కడనే విద్యాశాఖలో చిన్న ఉద్యోగమున కుదిరినారు. అదే సంవత్సరమున హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. అంతకు మూడేండ్లు ముందు, 1901లో, కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు కలిసి హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించియుండినారు. గ్రంథాలయము పేరిట తెలుగువారు నలుగురు ఒకచోట కూర్చుండుట అదే మొదలు. ఈ రెండు నిలయముల పెంపునందును హనుమంతరావుగారి కృషి కలదు. తరువాత హైదరాబాదు చేరి ప్రభుత్వమున అనువాదకుడుగా కొంతకాలము పనిచేసి, 1917లో వకీలు వృత్తి చేపట్టినారు. ఒకరి మాటను మరియొకరికి అర్థమగునట్లు చెప్పుట అనువాదకుని పని; ఎదుటి పక్షమువాని వాదమును వానికంటె ముందుగా ఊహించుట వకీలు పని. ఈ రెండు వృత్తుల శిక్షణయు వారి ప్రజాజీవితమంతట కనబడును.

1921 నవంబరులో హైదరాబాదున వివేకవర్ధని ఆవరణములో సంఘసంస్కార మహాసభ జరిగినది. అధ్యక్షులు స్త్రీ విద్యకై జీవితము ధారపోసిన మహర్షి కార్వేగారు. సభలో ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వెంకటరామారావుగారను న్యాయవాది లేచి తెలుగున మాటలాడబోగా సభలోని పలువురు గేలిచేసి, చప్పట్లు చరచి, ఆయనను మాటలాడనీయలేదు. తమ రాజ్యముననే, తమ రాజధానిలోనే, తమ భాష నవ్వులపాలగుట చూచి తెలుగువారి మనసులు కలత చెందినవి. ఆ రాత్రియే కొందరు టేకుమాల రంగారావుగారి యింట సమావేశమై ఆంధ్ర జనసంఘమును స్థాపించినారు. సంఘ కార్యదర్శిత్వము హనుమంతరావుగారిపై పడినది.

అవమానమునుండి పుట్టిన సంఘము అవమానించినవారిపై పగగా మారుట లోకములో సర్వసాధారణము. ఆనాడు సంఘమునకు మరాఠీ ద్వేషమును గాని, ఉర్దూ ద్వేషమును గాని నూరిపోసినచో వినువారికి కొదవ ఉండదు. పంతులుగారి నాయకత్వమున సంఘము అట్లు పోలేదు. గ్రంథాలయములు, పఠనమందిరములు నెలకొల్పుట, విద్యార్థులకు తోడ్పడుట, తాళపత్రములను, శాసనములను సేకరించుట తన పనిగా పెట్టుకొన్నది. కొమర్రాజువారు 1923లో కీర్తిశేషులు కాగా, వారి పేరిట నడచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించినది. తమ భాష ఎంత గొప్పదో ఎదుటివారితో వాదించుటకంటె, ముందు తామే దానిని తెలిసికొనుట మేలని ఈ పనుల భావము.

ఇచట ఒక మాట గుర్తుంచుకొనవలెను. ఆ సంఘము పేరిట నున్న ఆంధ్ర శబ్దమునకు ఆనాడు తెలుగువారు అనియే అర్థము. తరువాతి రాజకీయములలో ఆ మాట ఒక ప్రాంతమునకు పేరై అర్థము కుదించుకొన్నది. 2014లో తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైన పిమ్మట చదువు విద్యార్థికి ఆ పేరు వింతగా తోపవచ్చును గాని, పాత మాటను పాత అర్థముననే చదువుట న్యాయము.

సంఘము చేసిన పనులలో వెట్టిచాకిరి విషయమునగల కృషి ప్రత్యేకముగా పేర్కొనదగినది. ఆ దినములలో ఊరికి అధికారి వచ్చెనన్నచో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలుగా ప్రతి వృత్తివాడును కూలి లేక పనిచేయవలెను. కోమటి సరకులను అధికారులు చెప్పిన ధరకే ఇచ్చుకొనవలెను. ఒక్కొక్కచోట ధర యను మాటయే లేదు. దేశముఖుల గడీలలో ఈ చాకిరి ఏడాది పొడుగున సాగెడిది. దీనిని చూచి కొందరు ప్రభుత్వమును మొరపెట్టుకొని కూర్చుండవలెననిరి. కొందరు ఈ ప్రభుత్వమువలన ఏమియు కాదనిరి. హనుమంతరావుగారు ప్రభుత్వపు దస్త్రములనే తిరుగవేసినారు. వెట్టిని నిషేధించుచు, నియంత్రించుచు ప్రభుత్వమే వెలువరించిన ఉత్తరువులు అందుండినవి. అవి ఉర్దూలో ఉండి కచేరీ దాటి పల్లెకు రాలేదు. సంఘము వాటి సారమును తెలుగున చిన్న పుస్తకములుగా అచ్చువేసి ఊరూర పంచినది. వర్తకుల హక్కులను గూర్చియు ఇట్లే ప్రకటించినది. ప్రభుత్వపు మాటనే ప్రభుత్వోద్యోగి ముందు పెట్టి నిలదీయగల స్థితి పల్లెటూరి వర్తకునికి, చేతిపనివానికి మొదటిసారి కలిగినది. సర్కారును పొగడనక్కరలేదు, తెగడనక్కరలేదు, చదువుకొన్నచో చాలును. ఉర్దూ నేర్చినందుకు ఫలము ఇక్కడ దక్కినది.

స్త్రీ విద్య విషయమున ఇంతకంటె మనోహరమైన ఘట్టము కలదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. దేశభాషలో ఉన్నతవిద్య గరపుట నిజముగా గొప్ప సాహసమే; కాని ఆ దేశభాష తెలుగు బాలికకు ఇంటి భాష కాదు. 1928లో హనుమంతరావుగారు మిత్రుల తోడ్పాటుతో హైదరాబాదులో తెలుగున బోధించు బాలికల పాఠశాలను స్థాపించినారు. అది ఉన్నత పాఠశాలగా ఎదుగగా, తెలుగు మాధ్యమమునకు రాజ్యమున గుర్తింపు దొరకలేదు. ఉర్దూకు మారుటయో, గుర్తింపులేని బడిగా మిగులుటయో తప్పదని తోచినది. అప్పుడు పంతులుగారి చూపు రాజ్యపు ఎల్ల దాటి మహారాష్ట్రమువైపు పోయినది. కార్వేగారు 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయము స్త్రీలకు వారి మాతృభాషలోనే విద్య గరపవలెనను సిద్ధాంతము కలది. తెలుగు బాలికల పాఠశాల దానికి అనుబంధమైనది. 1921లో ఏ సభలో తెలుగు మాట నవ్వులపాలైనదో, ఆ సభాధ్యక్షుల విద్యాలయమే తెలుగు బాలికకు పరీక్ష వ్రాయు అవకాశమిచ్చినది. నాడు చప్పట్లు చరచినవారి తప్పును మరాఠీవారందరి తప్పుగా పంతులుగారు లెక్కించియున్నచో ఈ ద్వారము తెరచుకొనెడిది కాదు. ఒక మనిషి చేసిన తప్పును అతని భాషకు, జాతికి అంటగట్టకుండుట ఎంతటి లాభమో చెప్పుటకు ఇంతకంటె వేరు దృష్టాంతము అక్కరలేదు.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగినది. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ మహాసభకు హనుమంతరావుగారే అధ్యక్షులు. సభ జరుపుటకే అనుమతి కావలసిన దినములవి. సభ జరుగుటయే ముఖ్యమని, అనుమతి పొందుటకై వారు పలుమారులు మాటను మెత్తపరచినారు. ఇది యువకులకు రుచింపలేదు. పంతులుగారివంటి పెద్దలను మితవాదులని పిలుచుట ఆరంభమైనది. కోదాడ దాపుననున్న చిలుకూరులో 1941లో జరిగిన మహాసభకు రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైనారు. 1944లో భువనగిరి సభనాటికి మితవాదులు, అతివాదులు అని మహాసభ రెండుగా చీలినది.

ఈ ఘట్టమున హనుమంతరావుగారి మార్గమునకు గల పరిమితిని ఒప్పుకొనక తప్పదు. ఉత్తరువును చదివి వినిపించినచో వర్తకుడు ధైర్యము తెచ్చుకొనవచ్చును; అధికారి వెనుకకు తగ్గవచ్చును. కాని భూమియంతయు, న్యాయమంతయు గడీ చేతిలోనే ఉన్న ఊరిలో, చదువురాని కౌలుదారునకు ఆ కాగితము ఎట్లు అక్కరకు వచ్చును? సూర్యాపేటనుండి తిరుమలగిరి మీదుగా జనగామ పోవు దారికి ఇరుప్రక్కల పల్లెలు ఈ ప్రశ్నను రక్తముతో అడిగినవి. 1946 జూలై 4వ తేదీన తిరుమలగిరికి దూరముకాని కడవెండిలో విసునూరు దేశముఖు మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలియైనాడు. అటుతరువాత ఆ సీమలో విన్నపములను ఎవరును వినలేదు. సాయుధ పోరాటము 1951 అక్టోబరు వరకు సాగినది.

అట్లని ఆ పోరాటము పంతులుగారి ఇరువదియైదేండ్ల కృషిని వ్యర్థమని తేల్చినదా? అట్లనుట కూడ అటో ఇటో అను తొందరపాటే. వెట్టి అన్యాయమని, అది చట్టవిరుద్ధమని పల్లెకు మొదట తెలుగున చెప్పినది సంఘము. పత్రిక చదువుటకు యువకులు కూడిన చోటు గ్రంథాలయము. భువనగిరిలో పెద్దలను కాదన్న యువకులు ఆ పెద్దలు కట్టిన వేదికపైననే నిలిచి కాదన్నారు. విత్తినవాడు కోరిన పంటయే పండవలెనని నియమము లేదు. అయినను విత్తనము అతనిదే.

1948 సెప్టెంబరున హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసినది. పంతులుగారు తెలంగాణా ఆంధ్రోద్యమ చరిత్రను రెండు భాగములుగా వ్రాసి ప్రకటించినారు. 1951లో హైదరాబాదు నగరమునకు మొదటి మేయరైనారు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడము వినబడు నగరమునకు అన్ని భాషలవారితో కూర్చుండగల పెద్ద లభించినాడు. 1955లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదమిచ్చి గౌరవించినది. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి మొదటి అధ్యక్షులైనారు. పక్షములు వాదించుకొనుచుండగా ఎవరి పక్షమును వహింపక అందరి మాటయు వినుట ఆ పీఠపు ధర్మము. అది వారికి కొత్తగా నేర్వవలసిన విద్య కాదు. 1970 నవంబరులో, ఎనుబదియైదేండ్ల వయసున, పరమపదించినారు.

హైదరాబాదు నారాయణగూడలోని బాలికల పాఠశాల నేడు వారి పేరిట ప్రసిద్ధము. పరీక్షపత్రమున నిజాము పాలన మంచిదా చెడ్డదా, మితవాదులు మేలా అతివాదులు మేలా అని రెండు గడులు గీసి ఒకదానిలో గుర్తు పెట్టుమనుట సులభము. ఉస్మానియా స్థాపనము సాహసమనియు, అది తెలుగు బాలికకు అన్యాయమనియు ఒకే వాక్యమున చెప్పగలుగుట కష్టము. పంతులుగారి మార్గము వెట్టి నెదిరించుటలో ఎంత పనికివచ్చినదో, గడీ ముందర ఎంత చాలకపోయినదో రెండును ఒప్పుకొనుట అంతకంటె కష్టము. ఈ కష్టమైన వాక్యములను వ్రాయుట విద్యార్థికి నేర్పిన ఉపాధ్యాయుడు, తెలిసియో తెలియకయో, మాడపాటివారి పనినే సాగించుచున్నాడు.