కుగ్లరమ్మ గుంటూరుకు రాకముందు

ఆదివారం ఆరాధన ముగిశాక ఆబిడ్స్ రోడ్డు వెంట నడిచేవారికి ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలు కొత్త కాదు. సెయింట్ జార్జి చర్చి నుంచీ, చాపెల్ రోడ్డులోని సెంటినరీ మెథడిస్టు చర్చి నుంచీ బయటికి వచ్చే నర్సింగ్ విద్యార్థినులకు అక్కడే మెంటల్ హెల్త్ నర్సింగ్ పుస్తకం తక్కువ ధరకు దొరుకుతుంది. నాంపల్లిలో మెట్రో ఎక్కితే అదే లైనులో ఎర్రగడ్డ వస్తుంది. అక్కడి మానసిక వైద్యశాలలో పోస్టింగ్ అనగానే చాలామంది ఆడపిల్లలు భయపడతారు, వారి తల్లిదండ్రులు ఇంకా ఎక్కువ భయపడతారు. ఆ పిల్లల్లో గుంటూరు, తెనాలి, చీరాల వైపు నుంచి వచ్చినవారికి కుగ్లర్ ఆసుపత్రి పేరు తెలుసు. ఆ ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ వైద్యురాలిగా మొదట అడుగుపెట్టింది మానసిక రోగుల వార్డులోనే అన్న సంగతి మాత్రం మన సంఘాల్లో ఎక్కువమందికి తెలియదు.

అన్నా కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఆర్డ్‌మోర్ అనే ఊళ్లో జన్మించింది. ఆడవాళ్లు డాక్టర్లవుతామంటే నవ్వే రోజులవి. ఫిలడెల్ఫియాలో స్త్రీల కోసమే ఏర్పడిన వైద్య కళాశాలలో చేరి 1879లో పట్టా పుచ్చుకుంది. ఆ తరువాత నారిస్‌టౌన్‌లో ప్రభుత్వం కొత్తగా కట్టిన మానసిక వైద్యశాలలో, స్త్రీల విభాగంలో చేరి రెండేళ్లు పనిచేసింది.

ఆ రెండేళ్ల గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1880లో మొదలైన ఆ ఆసుపత్రిలో స్త్రీల విభాగానికి అధికారి డాక్టర్ ఆలిస్ బెనెట్. ఆమె కూడా అదే వైద్య కళాశాలలో చదివింది. అప్పట్లో ఇలాంటి ఆసుపత్రులను పిచ్చాసుపత్రులనేవారు. ఆ మాట ఇప్పటికీ మన నోళ్లలోంచి పోలేదనుకోండి. అరిచేవారికి చేతులు కదలకుండా బిగించే చొక్కా తొడిగేవారు, తిరగబడేవారిని గొలుసులతో కట్టేవారు. చూసుకునే మనుషుల్లో శిక్షణ పొందినవారు లేరు. మానసిక రోగులకు సేవ చేసే నర్సులను తయారుచేసేందుకు అమెరికాలో తొలి పాఠశాల బోస్టన్ దగ్గర మెక్లీన్ ఆసుపత్రిలో మొదలైంది 1882లోనే. అలాంటి రోజుల్లో ఆలిస్ బెనెట్ తన వార్డుల్లో ఆ చొక్కాలనూ గొలుసులనూ తీసేయించింది. వాటికి బదులు రోగుల చేతికి పని ఇచ్చింది. కుట్టుపని, బొమ్మలు గీయడం, సంగీతం వంటివి. చేతులు పనిలో పడితే మనసు కొంత కుదుటపడుతుందని ఆమె నమ్మింది. నేటి నర్సింగ్ పుస్తకాల్లో ఆక్యుపేషనల్ థెరపీ అనే అధ్యాయంలో చదివేది ఇదే. అన్నా కుగ్లర్‌కు వైద్యవృత్తిలో మొదటి బడి ఆ వార్డు.

విద్యార్థులు పరీక్షకు వల్లించే పాఠాలు చాలా వరకు అలాంటి వార్డుల్లో పుట్టినవే. రోగి తనకెవరో విషం పెడుతున్నారని చెబితే నర్సు వాదించకూడదు, అవునని ఒప్పుకోనూ కూడదు. ఆ భయం ఎంత బాధ పెడుతున్నదో అడగాలి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడో, ఎంత తిన్నాడో రాసి పెట్టాలి. చనిపోవాలనిపిస్తున్నదా అని సూటిగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన కలుగుతుందన్నది అపోహ. అడిగితే చాలామందికి గుండెబరువు తగ్గుతుంది, ప్రమాదం ఎంత దగ్గరలో ఉందో నర్సుకూ తెలుస్తుంది. మందులు 20వ శతాబ్దం మధ్యలో వచ్చాయి. 1952లో క్లోర్‌ప్రొమజిన్ అనే మందు వాడకం మొదలయ్యాక ఆసుపత్రుల ముఖమే మారిపోయింది. అయినా మందు మింగించేది, పక్కన కూర్చునేది నర్సే. గెరాసీనుల దేశంలో సమాధుల మధ్య తిరిగే మనిషిని ఊరివారు సంకెళ్లతో కట్టి చూశారు, ప్రభువు అతని పేరు అడిగాడు. నర్సు కూడా పేరు అడగడంతోనే మొదలుపెడుతుంది.

ఇక కుగ్లర్ కథకు వద్దాం. 1882లో ఇండియాలో పనిచేస్తున్న లూథరన్ మిషనరీ ఒకాయన నుంచి ఆమెకు ఉత్తరం వచ్చింది. ఇక్కడి స్త్రీలు మగ డాక్టరుకు చూపించుకోరనీ, వైద్యం లేక చనిపోతున్నారనీ దాని సారాంశం. ఆమె వెళ్తానని తమ సంఘపు మహిళా మిషనరీ సమాజానికి రాసింది. వైద్య పరిచర్య ఇప్పట్లో మొదలుపెట్టలేమని వారు జవాబిచ్చారు. కావాలంటే ఘోషా స్త్రీలకు చదువు చెప్పే ఉపాధ్యాయురాలిగా వెళ్లవచ్చన్నారు. మరొకరైతే అలిగి ఇంట్లో కూర్చునేవారు. ఈమె సరేనని, వైద్య పరికరాలు కూడా సర్దుకుని ఓడ ఎక్కి, 1883 నవంబరు 29న గుంటూరు చేరింది. ఫాదర్ హయ్యర్ 1842లో పరిచర్య ప్రారంభించిన ఊరది.

చదువు చెప్పడానికి వెళ్లిన ఇళ్లలోనే జబ్బుమనుషులు కనిపించారు. మొదట్లో ఆమె ముట్టుకుంటే మైల అనుకున్న ఇళ్లున్నాయి. అవమానమని వెనుదిరగలేదు. వాళ్లు దగ్గరికి రానిచ్చేదాకా ఓపిక పట్టింది. భయపడే మనిషి దగ్గర తొందరపడకూడదని నారిస్‌టౌన్ వార్డులో ఆమెకు తెలిసే ఉంటుందని నా ఊహ. 1885 డిసెంబరులో సమాజం ఆమెను వైద్య మిషనరీగా అధికారికంగా గుర్తించింది. 1893లో డిస్పెన్సరీ, 1897లో ఆసుపత్రి తెరుచుకున్నాయి. 1905లో ప్రభుత్వం కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది.

గుంటూరులో ఆమె నడిపింది స్త్రీల, పిల్లల ఆసుపత్రి. అది మానసిక వైద్యశాల కాదు. అయితే ప్రసవ వార్డుకూ మానసిక వార్డుకూ మనం అనుకున్నంత దూరం లేదు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరు తల్లులకు, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే, తీవ్రమైన మానసిక జబ్బు వస్తుంది. నిద్ర ఉండదు, పొంతన లేని మాటలు మాట్లాడుతుంది, తన బిడ్డ తన బిడ్డ కాదంటుంది, ఎవరికీ వినిపించని స్వరాలు వింటుంది. మన ఇళ్లలో దాన్ని బాలింతకు గాలి సోకిందంటారు, సంఘాల్లో దయ్యమంటారు. మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టి గదిలో కూర్చోబెడతారు. ఆ మూడు రోజుల్లో తల్లి ప్రాణమో, బిడ్డ ప్రాణమో పోవచ్చు. ప్రార్థన చేయండి, కానీ ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్తూ చేయండి. ఈ జబ్బు వైద్యంతో బాగా నయమవుతుంది. నాంపల్లి పక్కనే రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి ఉంది. అక్కడ కాన్పు వార్డులో డ్యూటీ చేసే విద్యార్థిని ఆ తల్లి నిద్ర గురించి ఒక్క ప్రశ్న అడిగినా మేలు జరుగుతుంది.

దిగులు జబ్బు సంగతీ అంతే. విశ్వాసం తక్కువై వచ్చిందని పాస్టరుగారు అంటే ఆ మనిషి ఇంకా కుంగిపోతాడు. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దూత మందలించలేదు. నిద్రపోనిచ్చి, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు.

కట్టివేయడం ఒకప్పటి అమెరికా సంగతి మాత్రమే కాదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రయ కేంద్రానికి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు తప్పించుకోలేకపోయారు. మొత్తం 28 మంది చనిపోయారు. మన ప్రార్థనా మందిరాల్లో ఇలాంటి కట్లు లేవని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించకూడదని కూడా చెప్పింది. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

కుగ్లర్ ఒంటరిగా ఏదీ చేయలేదు. డాక్టర్ మేరీ బేర్, నర్సు కేథరిన్ ఫాస్ వచ్చి కలిశారు. తెలుగు ఆడపిల్లలను నర్సులుగా తీర్చిదిద్దే పని ఆ ఆసుపత్రిలో సాగింది. వితంతువులకూ, చదువుకు నోచుకోని ఇళ్ల పిల్లలకూ అది బ్రతుకుదారి అయింది. తన భార్యకు జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజావారు భుజంగరావుగారు రోగుల బంధువులు ఉండడానికి ఒక సత్రం కట్టించి ఇచ్చారు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది, నాకు మాత్రం పెద్దదిగానే తోస్తుంది. మన దేశంలో రోగి ఒంటరిగా ఆసుపత్రికి రాడు, వెనుక అమ్మ, అత్త, చెల్లెలు అన్నం క్యారియరుతో వస్తారు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలోనే గుడారాల్లో ఉంచి వైద్యంలో భాగం చేశారు. 1957లో ప్రారంభమైన వెల్లూరు సి.ఎం.సి. మానసిక ఆరోగ్య కేంద్రం కూడా బంధువులను రోగితోపాటే ఉండమంది. జబ్బేమిటో, మందు ఎందుకు ఆపకూడదో కుటుంబానికి చెప్పడం ఇప్పుడు నర్సు పనుల్లో ముఖ్యమైనది. మందు ఆపేసి తిరగబెట్టిన జబ్బుతో మళ్లీ చేరేవారే వార్డుల్లో ఎక్కువగా కనిపిస్తారు.

డాక్టర్ కుగ్లర్ పెళ్లి చేసుకోలేదు. మధ్యలో సెలవు మీద అమెరికా వెళ్లినా మళ్లీ గుంటూరుకే వచ్చింది. ఇక్కడికి వచ్చిన 47వ ఏట, 1930 జులై 26న గుంటూరులోనే కన్నుమూసింది. ఆ తరువాత ఆసుపత్రికి ఆమె పేరు పెట్టారు.