చెట్ల పాట విన్న సిబేలియస్

కోనసీమ బాలునకు కొబ్బరిచెట్టు ఇంటి మనిషి వంటిది. మట్టల గలగల వినుచునే అతడు నిద్రించును. ఐనను ఆ ధ్వనిని చెవియొగ్గి వినువారు అరుదు. తన యింటి చుట్టునున్న చెట్లను అట్లు విని, వానిని సంగీతముగా మలచిన మహనీయుడు ఫిన్లండు దేశీయుడైన జాన్ సిబేలియస్.

ఫిన్లండు ఐరోపా ఖండమున ఉత్తరపు కొనను గల దేశము. వేలకొలది సరస్సులు, అంతులేని అరణ్యములు దాని సంపద. ఆ దేశము రష్యా చక్రవర్తి యేలుబడిలో నున్నపుడు, 1865 వ సంవత్సరము డిసెంబరు 8 వ తేదీన సిబేలియస్ జన్మించెను. వైద్యుడైన తండ్రి, కుమారునకు మూడేండ్లు నిండకమునుపే విషజ్వరముచే మరణించెను. తల్లి పుట్టినిల్లు చేరి బిడ్డలను పెంచెను.

బాలుడు గొప్ప వయొలిన్ విద్వాంసుడు కాగోరెను. 1885 లో న్యాయశాస్త్రము చదువుటకై హెల్సింకి నగరమునకు పోయి, దానిని విడిచి సంగీతమునే చేపట్టెను. 1891 లో వియన్నాలో ప్రసిద్ధ వాద్యబృందమున చేరుటకు పరీక్షకు నిలిచి, తప్పెను. అతడు క్రుంగిపోయినను సంగీతమును విడువలేదు. స్వరరచనయందే మనస్సు నిలిపెను. 1899 నాటి సంగీతమునుండి రూపొందిన ఆయన ‘ఫిన్లండియా’ పరపాలనలోని ప్రజలకు స్వాతంత్ర్యగీతమువలె తోచెను.

1904 లో ఆయన భార్యాబిడ్డలతో అడవిచెంత కట్టిన దుంగల యింటికి చేరెను. భార్య ఐనో పేరిట దానికి ‘ఐనోలా’ యని పేరిడెను. చప్పుడు తన పనికి భంగమగునని, తాను జీవించి యున్నంతకాలము ఆ యింట నీటిగొట్టములు వేయనీయలేదు.

1914 లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చిపడెను. జర్మనీ, రష్యాలు శత్రువులైనవి. ఆయన రచనలను ముద్రించు ప్రధాన సంస్థ జర్మనీలో నుండుటచే రాబడికి విఘాతము కలిగెను. అప్పులు మునుపే యుండెను. మహావాద్యబృందములకు రచించు విద్వాంసుడు, ఇంటింట పియానో వాయించుకొనువారికై చిన్న రచనలు చేసి కుటుంబమును పోషింపవలసి వచ్చెను. అట్టి రచనలను చిన్నచూపు చూచినవారును గలరు.

పియానో పెద్ద పెట్టెవంటి వాద్యము. మెట్లను నొక్కగా చిన్న సమ్మెటలు లోపలి తంతులను తాకి నాదము పుట్టించును. దానికై ఆయన ‘వృక్షములు’ అను అయిదు రచనల మాలిక కూర్చెను. పూచిన రోవన్ చెట్టు, ఒంటరి పైను చెట్టు, రావియాకువలె చిరుగాలికే వణకు ఆస్పెన్, భూర్జవృక్షము, స్ప్రూస్ అను దేవదారుజాతి వృక్షము అందలి విషయములు. పైను చెట్టు గంభీరమైన స్వరములతో నిలుచును. స్ప్రూస్ మెల్లగా ఊగుచు, నడుమ సుడిగాలి వీచినట్లు చెలరేగి, మరల శాంతించును. కూటికై చేసిన పనియందును ఆయన తన శ్రద్ధను తగ్గింపలేదు.

1917 లో ఫిన్లండు స్వతంత్రమయ్యెను. 1926 లో అరణ్యదేవతను గూర్చి వాద్యబృందమునకై ‘తాపియోలా’ రచించెను. తరువాతి ముప్పదియేండ్లలో గొప్ప రచన వేరొకటి వెలువడలేదు. తృప్తి నీయని వ్రాతప్రతులను తానే అగ్నిపాలు చేసెను. 1957 సెప్టెంబరు 20 వ తేదీన, తొంబదియొకటవ యేట ఐనోలాలో కన్నుమూసెను. ఆ తోటలోనే ఆయన సమాధి యున్నది.

పని చిన్నదగుటచే మనిషి చిన్నవాడు కాడు; శ్రద్ధ తగ్గినపుడే చిన్నవాడగును. బాలలారా! ఈ సాయంకాలము మీ పెరటి కొబ్బరిచెట్టు క్రింద క్షణకాలము ఊరక నిలిచి వినుడు.