కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడుగారు

మన తెలగ కులమున జన్మించి ఆంధ్రుల దేహబలమును దేశాంతరముల చాటిన శ్రీ కోడి రామమూర్తి నాయుడుగారిని ఈ మహాసభా సంచికయందు స్మరించుట మా విధియని తలచుచున్నాము.

వీరి జన్మస్థలము శ్రీకాకుళ సీమలోని వీరఘట్టము. తండ్రి వెంకన్న నాయుడుగారు. బాల్యముననే తల్లిని గోల్పోయి, విజయనగరమున పినతండ్రి నారాయణస్వామిగారి యింట పెరిగిరి. అచట కుస్తీ నభ్యసించి, మదరాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, తాము చదివిన పాఠశాలయందే వ్యాయామోపాధ్యాయులైరి.

పిమ్మట సర్కసు సంఘమును స్థాపించి ఊరూర ప్రదర్శనము లిచ్చిరి. రొమ్మునకు బిగించిన యినుపగొలుసును ఊపిరి పూరించి త్రెంచెడివారు. భుజములకు గట్టిన రెండు మోటారు కార్లను కదలనీయక నిలిపెడివారు. రొమ్ముపై ఏనుగు నెక్కించుకొనెడివారు. ఇంతటి బలశాలి శాకాహారి యగుట గమనింపదగినది; ప్రాణాయామమును నియమజీవనమునే వీరు బలమునకు మూలములుగా నెంచిరి. లండనున ఐదవ జార్జి చక్రవర్తి దంపతులును వీరి బలమును గని మెచ్చిరి.

విధి విపరీతము. కాలికి వ్రణము ముదిరి కాలు తీసివేయవలసి వచ్చెను. ఏనుగును మోసిన యా మహాబలుడు స్వగ్రామమునకు దూరముగా ఒరిస్సాలో 1942లో పరమపదించిరి.

నేడు శ్రీకాకుళమున క్రీడాప్రాంగణము వీరి పేర నున్నది. విశాఖ సముద్రతీరమున విగ్రహమున్నది. పేరు నిలిచినది, విద్యయు నిలువవలదా? ప్రదర్శకులగుటకు మున్ను వీరు ఉపాధ్యాయులు. కావున మన విద్యార్థి వసతిగృహములందు వ్యాయామశాలలు నెలకొల్పుటయే వీరికి తగిన స్మారకమని దాతలకు మనవి చేయుచున్నాము.