ఆటస్థలాన్ని బడిగా మార్చిన హ్యారీ బక్



కొన్నేళ్ల క్రితం మా సంఘ యువకులు చర్చి ఆవరణలో సాయంత్రం ఆడుకుంటామని అడిగారు. ఆటలకు ఇది స్థలం కాదని పెద్దలమైన మేము కాదన్నాము. నెల తిరగకముందే యువజన కూటానికి వచ్చేవారు సగమయ్యారు. అప్పుడు ఉపాధ్యాయ శిక్షణ రోజుల్లో విన్న హ్యారీ క్రో బక్ గారు మాకు జ్ఞాపకం వచ్చారు.

ఆయన 1884లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జన్మించారు. స్ప్రింగ్‌ఫీల్డులోని వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో చదివారు. 1891 చలికాలంలో జేమ్స్ నైస్మిత్ గారు బాస్కెట్‌బాల్ కనిపెట్టింది అక్కడే. మాట వినని 18 మంది యువకుల తరగతిని ఆయన గద్దించలేదు. రెండు బుట్టలు కట్టించి, 13 నియమాలు రాసి గోడకు అంటించారు. బంతి పట్టుకొని పరుగెత్తకూడదు, తోయకూడదు, కొట్టకూడదు. ఆట ఆడాలంటే తమను తాము అదుపులో పెట్టుకోక తప్పలేదు.

ఆ పాఠశాల పద్ధతితోనే బక్ గారు 1919లో మద్రాసు చేరారు. 1920లో వ్యాయామ ఉపాధ్యాయులకు శిక్షణ పాఠశాల ప్రారంభించారు. మన దేశంలో అటువంటిది అదే మొదటిది. అప్పట్లో బడుల్లో వ్యాయామమంటే ఎక్కువగా మాజీ సైనికులు చేయించే డ్రిల్లే. బక్ గారు జట్టు ఆటలకు పెద్దపీట వేశారు, మన దేశపు ఆటలకూ చోటిచ్చారు. ఆటల నియమాలను పుస్తకంగా కూర్చారు. 1924లో పారిస్ ఒలింపిక్ పోటీలకు భారత జట్టును తీసుకువెళ్లారు. 1927లో భారత ఒలింపిక్ సంఘం ఏర్పడడానికి పాటుపడినవారిలో ఆయన ఒకరు. 1943లో కన్నుమూశారు.

ఆయన పని మనకెందుకంటే, మన ఆటలను ఒకసారి చూడండి. ఖోఖోలో తరిమేవాడు వెనక్కి తిరగకూడదు. వెనుక భాగం చూసుకొనే పని కూర్చున్నవానికి అప్పగించాలి. చెడుగుడులో అవుటైనవాడు బయట కూర్చొని, తోటివాడు పాయింటు తెస్తేనే తిరిగి లోపలికి వస్తాడు. ఓర్పు, నమ్మకం, ఓటమిని ఒప్పుకోవడం ఇంతకంటే బాగా ఏ ప్రసంగం నేర్పగలదు?

మన తాతలు ఈ పాఠం గనిలో నేర్చుకున్నారు. భూమి లోపల ఒకరి ప్రాణం మరొకరి చేతిలో ఉండేది. 2001లో గనులు మూతబడ్డాయి. ఇప్పుడు మన ఆండర్సన్‌పేట పిల్లలు ఎందరో తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి, చీకటిపడ్డాక ఇల్లు చేరి, సెల్‌ఫోనులో తల దూర్చుతున్నారు. కలిసి మెలిసి ఉండడం వారు ఎక్కడ నేర్చుకోవాలి?

మా తప్పు దిద్దుకొని, శనివారం సాయంత్రాలు ఆవరణ తెరిచాము. మొదటి వారమే అవుటా కాదా అని గొడవ. రెండవ వారం ఎక్కువగా గొడవపడిన అబ్బాయికే విజిలు ఇచ్చాము. తీర్పు చెప్పడం ఎంత కష్టమో వానికి తెలిసింది. ఆ తరువాత వాని నోట పేచీ తగ్గింది.

ప్రతి సంఘమూ వారానికి ఒక గంట, ఒక బంతి, ఓపికగల ఒక పెద్దను ఇవ్వవలెనని మా మనవి. ఆడపిల్లలను గట్టు మీద కూర్చోబెట్టకండి, వారినీ ఆడనివ్వండి. కిటికీ అద్దం పగిలితే మళ్లీ వేయించుకోవచ్చు. దూరమైన పిల్లలను తిరిగి రప్పించడం అంత తేలిక కాదు.